నాన్నగారిని మందుల ట్రయల్‌లో చేర్చమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నకు 71 ఏళ్ళు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా జీవితమంతా పనిచేశారు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయో, ఎవరికి ఎంత బాకీ ఉందో పుస్తకం తెరవకుండా చెప్పేవారు. ఏడాదిన్నరగా చెప్పిందే మళ్ళీ చెబుతున్నారు. కరెంటు బిల్లు కట్టి, కట్టలేదేమోనని మళ్ళీ కట్టబోతారు. బాగా తెలిసినవాళ్ళ పేర్లకు కూడా తడుముకుంటున్నారు. మిగతా పనులన్నీ తనే చేసుకుంటారు. విజయవాడలో న్యూరాలజిస్టుకు చూపిస్తే ఎంఆర్ఐ తీయించి, మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ (జ్ఞాపకం, ఆలోచన కొద్దిగా మందగించడం) అన్నారు. జ్ఞాపకశక్తికని డోనెపెజిల్ అనే మాత్ర రాశారు. షుగరుకు చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్, బీపీకి ఒక మాత్ర, రాత్రి నిద్రకు ఒక మాత్ర వాడుతున్నారు. ఈమధ్య టీవీ సౌండు బాగా పెంచుతున్నారు, అమ్మకూ ఆయనకూ రోజూ అదో గొడవ.

పోయిన వారం ఆసుపత్రి నుంచి రీసెర్చ్ కో-ఆర్డినేటర్ ఫోన్ చేశారు. మతిమరుపు మొదటి దశలో ఉన్నవాళ్ళ కోసం కొత్త మందు ట్రయల్ ఉందట. నెలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారట. 18 నెలలు. స్కాన్లన్నీ ఉచితం, దారి ఖర్చులు వాళ్ళే ఇస్తారట. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య, "నాన్న మీద ప్రయోగాలు చేయనిస్తావా? ఇక్కడ మందు వచ్చేసింది, నేనే కొని పంపిస్తా" అని మండిపడుతున్నాడు. నాన్నను అడిగితే "నీ ఇష్టం తల్లీ" అంటున్నారు. వాట్సాప్‌లో చూసి అమ్మ జ్ఞాపకశక్తికని గింకో అనే చెట్టు ఆకుల క్యాప్సూళ్ళు తెప్పిస్తానంటోంది. ఏం చేయమంటారు?

— ఒక కూతురు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా ఆ కో-ఆర్డినేటర్‌కు ఫోన్ చేసి కొంత గడువు అడగండి. నాలుగైదు వారాలు చాలు. ట్రయల్‌ను పద్ధతిగా నడిపేవాళ్ళు అందుకు ఏమీ అనుకోరు. "ఈ వారంలోనే సంతకం పెట్టాలి, ఖాళీలు అయిపోతున్నాయి" అని తొందరపెడితే మాత్రం ఇంకో మాట లేకుండా మానుకోండి.

నేను డాక్టరును కాను. విజయవాడలో ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో (ట్రయల్‌లో చేరేవాళ్ళకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) వైద్యంతో సంబంధం లేని సభ్యుడిగా ఇలాంటి ట్రయల్ కాగితాలు చదవడం నా పని. మోతాదులు, మార్పులు మీ న్యూరాలజిస్టుగారే చెప్పాలి. ఎవరిని ఏమి అడగాలో నేను చెప్పగలను.

గడువు ఎందుకంటే, మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన మూడు సంగతులు ట్రయల్ కంటే ముందు తేలాలి. మొదటిది మెట్‌ఫార్మిన్. ఏళ్ళ తరబడి అది వాడేవాళ్ళలో కొందరికి విటమిన్ బి12 తగ్గిపోతుంది. రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు కూడా ఉంటే ఇంకా తగ్గవచ్చు. పూర్తి శాకాహారులైతే మరీను. బి12 బాగా తగ్గితే మతిమరుపు, కాళ్ళల్లో తిమ్మిర్లు, నడకలో తూలుడు వస్తాయి. ఇది రక్తపరీక్షలో తెలిసిపోతుంది, మందుతో సరిచేయవచ్చు. దానితోపాటే థైరాయిడ్, రక్తంలో సోడియం కూడా చూపించమని అడగండి. న్యూరాలజిస్టు ఇవన్నీ ఇప్పటికే చేయించి ఉంటే సంతోషం. పాత ఫైలు తీసి, రిపోర్టులో అంకె చూసి మరీ నిర్ధారించుకోండి. "అన్నీ నార్మలే అన్నారు" అన్న జ్ఞాపకం మీద ఆధారపడకండి.

రెండోది నిద్రమాత్ర. పేరు మీరు రాయలేదు. అల్ప్రాజొలామ్ లాంటిదైతే పెద్దవయసులో అది మర్నాటి దాకా మబ్బును మిగులుస్తుంది, జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుంది. అలాగని రేపటి నుంచి ఆపేయకండి. ఏళ్ళుగా వాడుతున్నదాన్ని ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. జలుబుకూ దురదకూ మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని పాతరకం మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మాత్రలు కూడా పెద్దవాళ్ళ బుర్రను మొద్దుబారుస్తాయి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చీటీలు కాకుండా, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టండి. దిండు కిందవీ, పూజ గూట్లోవీ, చొక్కా జేబులోవీ కూడా. చీటీలో లేనివి కనీసం రెండైనా బయటపడతాయి.

మూడోది టీవీ సౌండు. సరిగా వినపడని మాట గుర్తుండదు. మనం దాన్ని మతిమరుపు ఖాతాలో రాసేస్తాం. చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. దీని మీద అమెరికాలో అచీవ్ అనే ట్రయల్ జరిగింది, 2023లో ఫలితాలు వచ్చాయి. 70 నుంచి 84 ఏళ్ళ మధ్య ఉన్న 977 మందిలో సగం మందికి వినికిడి యంత్రాలు పెట్టి మూడేళ్ళు చూశారు. మొత్తం మీద చూస్తే తేడా కనిపించలేదు. కానీ వయసు ఎక్కువై, గుండెజబ్బు ముప్పు కూడా ఎక్కువగా ఉన్న గుంపును విడిగా చూస్తే, ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తక్కువైంది. వయసు మాట పక్కన పెడితే, షుగరు, బీపీ ఉన్న మీ నాన్నగారు ఆ ముప్పు ఎక్కువున్న గుంపుకే దగ్గర. అది కాకపోయినా, అమ్మగారితో రోజూ జరిగే గొడవైనా తగ్గుతుంది కదా. అదేమీ చిన్న లాభం కాదు.

ఇంకొకటి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. కొట్టుకు వెళ్ళడం మానేశాక ఆయన దిగులుగా ఉంటున్నారా? పొద్దున్నే యార్డులో వందమంది పలకరించే మనిషి ఇప్పుడు నాలుగు గోడల మధ్య కూర్చున్నారు. పెద్దవయసులో దిగులు చాలాసార్లు ఏడుపుగా కనబడదు, మతిమరుపుగానూ విసుగుగానూ కనబడుతుంది. దానికి వైద్యం ఉంది. ఈ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

ఇవన్నీ చూశాక కూడా మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అనే తేలితే, ఆ మాటకు అర్థం అల్జీమర్స్ అని కాదు. ఆసుపత్రులకు వచ్చే ఇలాంటివారిలో ఏడాదికి నూటికి పది పదిహేను మంది డిమెన్షియాలోకి, అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంత మతిమరుపులోకి, జారతారు. చాలామంది ఏళ్ళ తరబడి అలాగే ఉంటారు, కొందరు మళ్ళీ మామూలవుతారు కూడా. ఎవరు ఎటు వెళతారో చెప్పాలంటే మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందా లేదా అన్నది ముఖ్యమైన ఆధారం. మామూలు ఎంఆర్ఐలో అది కనిపించదు. ప్రత్యేకమైన పెట్ స్కాన్‌తోనో, వెన్నులో నుంచి తీసిన నీటితోనో, ఈమధ్య వచ్చిన కొన్ని రక్తపరీక్షలతోనో తెలుస్తుంది. మీరు చెప్పిన ట్రయల్ అమిలాయిడ్ మందుదైతే, మొదట ఈ పరీక్ష చేసి, ప్రొటీన్ లేదని తేలినవాళ్ళను వెనక్కి పంపిస్తారు. అలా పంపిస్తే ఆయన ఏదో పరీక్ష తప్పినట్టు బాధపడకుండా ఇప్పుడే చెప్పి ఉంచండి. అది ఒకరకంగా మంచి వార్తే.

మందు పేరు మీ ఉత్తరంలో లేదు. నెలకోసారి సెలైన్‌లో అన్నారు కాబట్టి అమిలాయిడ్‌ను పట్టుకుని తొలగించే యాంటీబాడీలనే మందుల కోవలోది కావచ్చు. ఆ కోవ చరిత్ర తెలిస్తే అన్నయ్యకూ మీకూ మాట్లాడుకోవడం సులువవుతుంది. 2021 జూన్‌లో అమెరికా ఔషధ సంస్థ అడుకానుమాబ్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. సొంత నిపుణుల కమిటీ వద్దన్నా ఇచ్చింది. పెద్ద వివాదమైంది, 2024లో కంపెనీయే ఆ మందును వదిలేసింది. తర్వాత 2023లో లెకానెమాబ్, 2024 జులైలో డొనానెమాబ్ వచ్చాయి. అన్నయ్య "వచ్చేసింది" అంటున్నది వీటి గురించే అయ్యుండాలి.

లెకానెమాబ్ ట్రయల్ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పేపర్లలో వచ్చే శాతాలు ఇక్కడే మనుషుల్ని తికమక పెడతాయి. 1,795 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు మందు లేని ద్రావణం. ఎవరికి ఏది ఎక్కుతోందో రోగికీ డాక్టరుకూ తెలియదు. 18 నెలల తర్వాత జబ్బు ఎంత ముదిరిందో 18 పాయింట్ల కొలత మీద చూశారు. మందు లేని గుంపు 1.66 పాయింట్లు దిగజారింది. మందు తీసుకున్న గుంపు 1.21 దిగజారింది. తేడా 0.45. దీన్నే 27 శాతం నెమ్మదించిందని రాశారు. లెక్క తప్పు కాదు. కానీ రెండు గుంపులూ దిగజారాయన్నది మరచిపోకండి. ఎవరికీ పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. 0.45 తేడా ఇంట్లోవాళ్ళ కంటికి ఆనుతుందా అని న్యూరాలజిస్టులే ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అయినా నేను దీన్ని తీసిపారేయను. ఎన్నో ఏళ్ళు, ఎన్నో మందులు వరసగా విఫలమయ్యాక జబ్బు నడకను కాస్తయినా తగ్గించిన మొదటి మందులు ఇవి.

మరోవైపు చూస్తే, ఆ ట్రయల్‌లో మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి ఎంఆర్ఐలో మెదడు వాపు కనిపించింది. మందు లేని గుంపులో అది 1.7 శాతమే. డొనానెమాబ్‌తో 24 శాతం. చాలామందికి బాధేమీ తెలియదు, స్కాన్‌లోనే కనిపించి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి తలనొప్పి, తికమక. మెదడులో చిన్న చిన్న రక్తస్రావాలూ ఉంటాయి. డొనానెమాబ్ పెద్ద ట్రయల్‌లో మూడు మరణాలకు మందుతో సంబంధం ఉందని తేల్చారు. అందుకే మొదటి నెలల్లో మళ్ళీ మళ్ళీ ఎంఆర్ఐలు తీస్తారు. రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవాళ్ళకు ముప్పు ఎక్కువ. నాన్నగారు అలాంటిది ఏదైనా వాడుతున్నారేమో ఆ మాత్రల సంచిలోనే తేలుతుంది.

దీన్నిబట్టి అన్నయ్యకు ఏం చెప్పాలో మీకు అర్థమై ఉంటుంది. సూట్‌కేసులో పెట్టి పంపడానికి అది మాత్రల డబ్బా కాదు. చల్లగా కాపాడాల్సిన ఇంజెక్షన్, ముందు అమిలాయిడ్ ఉందని తేలాలి, ఎక్కించేటప్పుడు కనిపెట్టి ఉండే డాక్టరు కావాలి, వరసగా స్కాన్లు కావాలి. ధర కూడా తక్కువేం కాదు. అమెరికాలో లెకానెమాబ్‌ను విడుదల చేసినప్పుడు ఏడాదికి 26,500 డాలర్లన్నారు. ఇవేవీ లేకుండా మందు మాత్రం తెచ్చి ఎక్కించడం ట్రయల్ కంటే ప్రమాదం. అన్నయ్య కోపంలో ప్రేమ ఉంది. దూరంగా ఉన్నవాళ్ళకు ఏదో ఒకటి పంపాలనిపిస్తుంది. ఆయనకు వేరే పని అప్పగించండి, దాని సంగతి కింద చెబుతాను.

"ప్రయోగాలా" అన్న ఆయన మాటను మాత్రం కొట్టిపారేయకండి. అవును, అది ప్రయోగమే. ట్రయల్ అంటే నాన్నగారికి వైద్యం చేయడం కోసం పెట్టింది కాదు, ఒక ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం కోసం పెట్టింది. డాక్టరు అదే, ఆసుపత్రి అదే, చేతికి సూది గుచ్చేదీ అలాగే. అందుకే ఈ తేడా మనకు కనిపించదు. నేను కలిసిన కుటుంబాల్లో చాలామంది ఎంత చెప్పినా "కొత్త మందు ఇస్తున్నారు" అనే అంటారు. చీటీ తీసినట్టే ఉంటుంది. 18 నెలలు వెళ్ళి వచ్చినా ఆయన చేతికి ఎక్కింది ఉత్త ద్రావణమే కావచ్చు. ఎక్కింది మందే అయినా పనిచేయకపోవచ్చు. చెడు కూడా చేయవచ్చు. సెమగాసెస్టాట్ అనే మందు ట్రయల్‌ను 2010లో మధ్యలోనే ఆపేశారు. మందు మింగినవాళ్ళు, మింగనివాళ్ళకంటే ఎక్కువ దిగజారారు. ఇంత తెలిసి కూడా చేరాలనుకుంటే అది మంచి కారణంతోనే చేరడం. లాభం వస్తే రానీ, రాకపోయినా తర్వాతివాళ్ళకు పనికొస్తుంది అనుకోగలిగితేనే చేరాలి.

అలా పరిశోధనకు తోడ్పడినవాళ్ళ పుణ్యమే ఇవాళ మనకు తెలిసిన కాస్తా. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, బడి మొహం చూడనివాళ్ళలో కూడా. ప్రపంచమంతా ఆ పరిశోధనను చెప్పుకుంది. అది హైదరాబాద్‌లో ఆసుపత్రికి వచ్చిన మామూలు మనుషుల నుంచి వచ్చిన జ్ఞానం. బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లోని మెదడు పరిశోధన కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో పెద్దవాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తోంది. అందులో మందు ఏదీ ఇవ్వరు, పరీక్షలు మాత్రమే. పైన చెప్పిన కొత్త మందుల ట్రయల్స్‌లో ఎక్కువమంది తెల్లజాతివాళ్ళే. మన షుగరు, మన బీపీ, మన తిండి ఉన్న ఒంట్లో అవి ఎలా పనిచేస్తాయో మనవాళ్ళు చేరితేనే తెలుస్తుంది. ఇది మీ నాన్నగారి మీద పెట్టాల్సిన బరువు కాదు. ఆయనే ఇష్టంగా ఎత్తుకుంటే గౌరవించాల్సిన పని.

మరి ఆయనకు ఇష్టమో కాదో ఎలా తెలుస్తుంది? "నీ ఇష్టం తల్లీ" అన్నదాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. ఈ దశలో చాలామందికి తమ గురించి తాము నిర్ణయించుకునే శక్తి ఉంటుంది. నలుగురిలో, గబగబా అడిగితే మాత్రం తడబడతారు, తడబాటు కనబడకుండా ఉండాలని కూతురి మీదకు తోసేస్తారు. పొద్దున కాఫీ తాగి తేటగా ఉన్నప్పుడు, టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని చెప్పండి. ఒకసారి ఒకే సంగతి. "సెలైన్ ఎక్కిస్తారు నాన్నా, కానీ అందులో మందు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మనకు చెప్పరు." ఆగండి. "ఏమన్నానో మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. "చేరకపోతే ఏమవుతుంది?" అని అడగండి. మీ మామూలు వైద్యం మామూలుగానే జరుగుతుందని ఆయనకు తెలిసి ఉండాలి. మూడు నాలుగు రోజులు పోయాక మళ్ళీ అడగండి. ముందు చెప్పింది గుర్తుండకపోవచ్చు, ఫరవాలేదు. మళ్ళీ వివరించాక అదే జవాబు, అదే కారణంతో వస్తే అది ఆయన నిర్ణయమే. జీవితమంతా రైతుకూ వ్యాపారికీ మధ్య కూర్చుని ఎవరి మాటలో ఎంత ఉందో తూచిన మనిషి ఆయన. లాభనష్టాల మాట ఆయనకు కొత్త కాదు. పనిలో పనిగా, ముందుముందు తాను చెప్పలేని స్థితి వస్తే తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా ఇప్పుడే అడిగి రాయించుకోండి. బ్యాంకు నామినీలు, ఇంటి కాగితాల సంగతి కూడా.

మీ గురించి కూడా ఒక మాట. ఇలాంటి ట్రయల్‌లో రోగితోపాటు ఆయనను రోజూ చూసే ఒక మనిషి కూడా చేరాలి. ఆ మనిషి మీరే. పరీక్షల రోజున నాన్నగారిని ఒక గదిలో కూర్చోబెట్టి గడియారం బొమ్మ గీయమంటారు, ఓ చిన్న జాబితా చెప్పి కాసేపయ్యాక గుర్తు తెచ్చుకోమంటారు, వంద నుంచి ఏడేసి తీసేయమంటారు. ఆ తీసివేతలు ఆయన మీకంటే వేగంగా చేస్తారు, జాబితా దగ్గర ఆగిపోతారు. పక్క గదిలో మిమ్మల్ని విడిగా కూర్చోబెట్టి, డబ్బు లెక్క చూసుకోగలరా, దారి తప్పారా, ఇదివరకటిలా ఉన్నారా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. నాన్న పరువు కాపాడాలని మనసు లాగుతుంది. అక్కడ నిజమే చెప్పాలి, ఆ 18 పాయింట్ల కొలత సగం మీ మాటల మీదే నడుస్తుంది. బయటికి వచ్చాక ఆయన "నా గురించి ఏం చెప్పావు?" అని అడుగుతారు. జవాబు ముందే ఆలోచించుకోండి. ప్రయాణం మాత్రం నెలనెలా. మంగళగిరి మీదుగా, వారధి దాటి, రోహిణి కార్తె ఎండల్లో కూడా, 18 నెలలు. మీకు సెలవు దొరుకుతుందా, మీకు కుదరని రోజు ఎవరు తీసుకెళతారు? ఇది చిన్న విషయం కాదు. మధ్యలో మానేసే హక్కు ఎప్పుడూ ఉంటుంది, దానివల్ల ఆసుపత్రిలో ఆయన మామూలు వైద్యానికి అడ్డు రాకూడదు.

ఇక కాగితాలు. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. సమాచార పత్రం ఆయనకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగులో. దాన్ని ఇంటికి ఇవ్వమనండి. కౌంటరు దగ్గర చదివించి సంతకం పెట్టించుకుంటామంటే ఒప్పుకోకండి. ట్రయల్ మందుకు గానీ దానికోసం చేసే పరీక్షలకు గానీ మీ దగ్గర డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. అన్నయ్యకు అప్పగించమన్న పని ఇదే. మన దేశంలో 2009 నుంచి ప్రతి మందు ట్రయల్‌నూ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయడం తప్పనిసరి. కో-ఆర్డినేటర్‌ను ఆ నంబరు అడిగి అన్నయ్యకు పంపండి. ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. మందు ఏది, ఎన్నో దశ, డబ్బు పెడుతున్నది ఎవరు, మీరు వెళ్ళే ఆసుపత్రి జాబితాలో ఉందా, అక్కడి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా, అన్నీ అందులో ఉంటాయి. డల్లాస్‌లో కూర్చుని రాత్రిళ్ళు పెట్టుకునే భయాల కంటే ఇది మేలు.

సమాచార పత్రంలో చాలామంది దాటేసే పేజీ రక్తం నమూనాల గురించినది. అవి ఎక్కడికి వెళతాయి, ఎన్నాళ్ళు దాస్తారు, జన్యుపరీక్ష చేస్తారా, ఫలితం చెబుతారా? ఏపీఓఈ-4 అనే జన్యురూపం రెండు కాపీలు ఉన్నవాళ్ళకు ఈ మందులతో మెదడు వాపు ముప్పు చాలా ఎక్కువ. కాబట్టి ఆ పరీక్ష చేయడం న్యాయమే. కానీ నాన్నగారికి ఉందని తేలితే మీకూ అన్నయ్యకూ కూడా ఉండే అవకాశం పెరుగుతుంది. తెలుసుకోవాలా వద్దా అన్నది ముందే ముగ్గురూ మాట్లాడుకోండి. ట్రయల్ అయిపోయాక మందు పనిచేసిందని తేలితే ఇస్తారా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

డోనెపెజిల్ గురించి క్లుప్తంగా. 769 మంది మీద మూడేళ్ళు చేసి 2005లో ప్రచురించిన ట్రయల్‌లో, ఈ దశలో అది మొదటి ఏడాది కొంత ఆపినట్టు కనిపించింది, మూడేళ్ళకు తేడా మిగల్లేదు. కాబట్టి దాని మీద గంపెడాశ పెట్టుకోవద్దు. అలాగని ట్రయల్ మాట వచ్చిందని సొంతంగా మానేయనూ వద్దు.

ట్రయల్ వద్దనుకుంటే చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పనిలేదు. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళవాళ్ళు 1,260 మందిని తీసుకుని, సగం మందికి తిండి మార్పు, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల మీద గట్టి నిఘా అన్నీ కలిపి రెండేళ్ళు చేయించారు. 2015లో వచ్చిన ఫలితాల్లో ఆ గుంపు మేలుగా ఉంది. అమెరికాలో 2,111 మందితో చేసిన అలాంటి ట్రయల్ 2025లో దాదాపు అదే చెప్పింది. బీపీ పై అంకెను 120 లోపు ఉంచితే మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ 19 శాతం తగ్గిందని 2019లో ఇంకో ట్రయల్ చూపింది. అందులో షుగరు ఉన్నవాళ్ళను చేర్చుకోలేదు, కాబట్టి నాన్నగారికి ఆ అంకె ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. బీపీ మాట వచ్చింది కనుక చెబుతున్నాను: గుంటూరు ఇంట్లో మొదటి ముద్ద పచ్చడితోనే. గోంగూర, ఆవకాయ, పొడి అన్నిట్లోనూ ఉప్పే. కారం ఉంచి ఉప్పు తగ్గించమని అమ్మగారితో మాట్లాడండి. సాయంత్రం ఆయనను నడకకు ఒంటరిగా కాకుండా పాత యార్డు స్నేహితుడెవరితోనైనా పంపండి. నడకా, కబుర్లూ, లెక్కల జ్ఞాపకాలూ ఒకేసారి అవుతాయి.

గింకో క్యాప్సూళ్ళు వద్దనండి. 3,069 మంది పెద్దవాళ్ళకు రోజుకు రెండుసార్లు ఇచ్చి ఏళ్ళ తరబడి చూసిన ట్రయల్ ఫలితం 2008లోనే వచ్చింది. డిమెన్షియా ఏమాత్రం ఆగలేదు. పైగా కొన్ని మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు ఉంటుంది, ట్రయల్‌లో చేరే మనిషికి అది అసలు పనికిరాదు. ఆ డబ్బులు ఈ నెల ఆడియోగ్రామ్‌కు, బి12 పరీక్షకు పెట్టండి.